పైకొమ్మ దానధర్మాలు

పెరట్లో పండినదంతా తానే తినాలనుకునేవాడు తోటమాలి కాదు, కిరాణా కొట్టువాడు!

ఈ మాటకి కొందరికి కోపం వస్తుందని తెలుసు. రానివ్వండి. మీ మిరప మొక్కకి పేనుబంక పట్టిందా? లెట్యూస్ ఆకుల్ని నత్తలు జల్లెడ చేశాయా? నిన్న మీరు విత్తనాలు చల్లిన పెట్టెనే ఏరికోరి పక్కింటి పిల్లి తన కాలకృత్యాలకి ఎంచుకుందా? ఏడవకండి. మీ అదృష్టానికి పొంగిపొండి! మీ తోటకి అతిథులు వస్తున్నారు. సూపర్ మార్కెట్‌కి ఒక్క నత్తయినా తనంత తాను వెళ్ళడం మీరెప్పుడైనా చూశారా?

నా అర్హతలేమిటని అడుగుతారేమో, చెబుతాను. నా పేరు నామ్ గితే. జిన్జు ఊళ్ళో బస్సు కంపెనీలో టైమ్ కీపరుగా పనిచేసి రిటైరయ్యాను. ఆ తర్వాత మకాం మా ఆవిడ హేసున్ పుట్టింటికి మార్చాం. అత్తగారు ఒక్కతే ఉంటోంది, ఇల్లు పెద్దది, మా అపార్ట్‌మెంటు చిన్నది. సూటిగా చెప్పాలంటే అరవై దాటాక ఇల్లరికం వెళ్ళిన అల్లుణ్ణి నేను. పొట్టు బార్లీ మూడు కుంచాలుంటే చాలు, ఇల్లరికం పోవద్దని మా పెద్దలు చెప్పారు. నా దగ్గర బార్లీ లేదు, పెన్షనుంది. పెన్షను గురించి పెద్దలు ఏమీ అనలేదు కాబట్టి ధైర్యంగా వెళ్ళాను.

వెళ్ళినవాణ్ణి ఊరికే కూర్చుంటే బాగుండదు కదా! చేపల మార్కెట్ నుంచి థర్మోకోల్ పెట్టెలు మోసుకొచ్చాను. ఎర్ర రబ్బరు తొట్లు తెచ్చాను. గేటు నుంచి వసారా దాకా మిరప, లెట్యూస్, ముల్లంగి పెట్టాను. వారం తిరక్కుండానే ఇంట్లోకి రావాలంటే పక్కకి తిరిగి నడవాల్సి వచ్చింది. పెట్టెల్లోంచి చేపల వాసన పోవడానికి మరో నెల పట్టింది. ఆ నెలంతా వీధిలోని పిల్లులన్నీ మా ఇంటికే కాపరం వచ్చాయి.

నత్తల సంగతి వినండి. గిన్నెలో బియ్యం కల్లు పోసి పెడితే తాగి అందులోనే పడి చస్తాయని ఎవరో చెప్పారు. పెట్టాను. తెల్లారి చూస్తే ఏముంది? కల్లు తాగాయి, నంజుడుకి లెట్యూస్ లాగించాయి, క్షేమంగా ఇల్లు చేరాయి! సీసాలో మిగిలింది వృథా చేయడమెందుకని నేను తాగాను. పెరట్లోంచి గదిలోకి చేరడానికి వాటికంటే నాకే ఎక్కువసేపు పట్టింది.

అయినా చిల్లు పడ్డ ఆకుకున్న గౌరవం వేరు. మందు కొట్టలేదనడానికి అంతకంటే గట్టి సర్టిఫికెట్ ఏముంది? ఆ ఆకులో అన్నం, మాంసం ముక్క, కాస్త మిరప ముద్ద పెట్టి చుట్టి నోట్లో పెట్టుకోబోతే ఆ చిల్లులోంచి కారి చొక్కా మీద మరక పడుతుంది. దాన్ని ఆర్గానిక్ ముద్ర అనుకోవాలి. నా చొక్కాలన్నిటికీ ఆ ముద్ర ఉంది. ఉతికేది మా ఆవిడ కాబట్టి ఆమె దాన్ని వేరే పేరుతో పిలుస్తుంది.

వెటకారం కాసేపు పక్కనపెట్టి ఒక్క నిజం చెబుతాను. పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని ఆ తొట్ల మధ్య తిరుగుతూ, నిన్న లేని పువ్వు ఇవాళ ఉందని చూసుకోవడంలో ఉన్న సుఖం ఒక్క బస్సు కూడా నాకివ్వలేదు. బస్సు టైముకి వస్తే ఎవరూ సంతోషించరు, ఆలస్యమైతే మాత్రం నన్ను తిడతారు. పువ్వు ఎప్పుడొచ్చినా సంతోషమే. సరే, మళ్ళీ మన వాదంలోకి వద్దాం.

ఇంతవరకూ చెప్పినవి చిల్లర చుట్టాలు. అసలు చుట్టం కాచి పిట్ట. కాకికి దగ్గరి బంధువే కానీ, నల్లకోటు కింద తెల్లచొక్కా వేసుకుని ఆఫీసరులా తిరుగుతుంది. పొద్దున్నే కాచి కూస్తే మంచి చుట్టాలొస్తారంటారు. ఈ రోజుల్లో జనానికి అది శని! కరెంటు స్తంభాల మీద గూళ్ళు కట్టి లైట్లు ఆర్పేస్తుందట. తోటల్లో పండుకొక్క పోటు పొడిచి పోతుందట. రైతులు వలలు కడుతున్నారు, టపాకాయలు పేలుస్తున్నారు. నేనంటాను, అది వరం. నా పరువు నిలబెట్టింది ఆ పిట్టే!

ఎలాగంటారా? మా పెరట్లో ఒక పర్సిమన్ చెట్టుంది, దాని కాయ పచ్చిగా వగరు, మగ్గితే తేనె. మామగారు పెళ్ళైన కొత్తలో నాటాడట. ఆయన పోయి చాలా కాలమైంది. చెట్టు మాత్రం పెంకుల కప్పు దాటి, కరెంటు తీగ దాటి, ఇంకా ఎదుగుతూనే ఉంది. శరదృతువు వచ్చి ఆకులన్నీ రాలాక, బోసికొమ్మల నిండా నారింజ రంగు పళ్ళు దీపాల్లా వెలుగుతాయి. పళ్ళు కోసేటప్పుడు చిటారుకొమ్మన రెండో మూడో పిట్టలకి వదలడం మా ఆచారం. దాన్ని కాచి బువ్వ అంటారు. చలికాలంలో వాటికీ ఆకలేస్తుంది కదా!

రెండు మూడు పళ్ళా? ఛీ! నేను సగం చెట్టు వదిలేశాను!

వీధి వీధంతా నివ్వెరపోయింది. ఎదురింటి బోంగ్నే అవ్వ గేటు దగ్గర నిలబడి తల పైకెత్తి చూసి, కళ్ళొత్తుకుంది.

"ఈ కాలంలో ఇంత పెద్ద మనసు ఎవరికుంది నాయనా? పిట్టకి ఒక్క కాయ వదలమంటే మా ఆయన ఏడ్చేవాడు."

"మనదేముందవ్వా! అవీ ప్రాణులే కదా!" అన్నాను నేను.

ఆ మరుసటేడు కూడా సగం చెట్టు వదిలాను. ఆ తర్వాతి ఏడూ అంతే. పక్క వీధుల వాళ్ళు ఫోటోలు తీసుకోవడానికి వచ్చారు. మా వార్డు పెద్ద ప్యో గారు ఈ ఏడు మా గేటుకి బోర్డు పెట్టిస్తానన్నాడు. 'కాచి బువ్వ ఇల్లు' అని కొయ్య మీద చెక్కిన అక్షరాలట! బస్సు కంపెనీలో నా బల్ల మీద నా పేరు కూడా ఎవరూ రాయించలేదు.

ఇక్కడ మీకొక చిన్న సాంకేతిక విషయం చెప్పాలి. నాకు ఎత్తంటే భయం.

భయమంటే మామూలు భయం కాదు. బల్బు మార్చాలంటే స్టూలు ముందు నిలబడి, చీకట్లో కూడా మనిషి సుఖంగా బతకగలడని మా ఆవిడకి ఉపన్యాసమిస్తాను. పండ్లు కోసే చిక్కం ఉంది కానీ, నేల మీద నిలబడితే అది సగం చెట్టుకే అందుతుంది. పైసగానికి నిచ్చెనెక్కాలి. పర్సిమన్ కొమ్మ పెళుసు, పుటుక్కున విరుగుతుంది, ఎక్కినవాడు పైకి పోతాడని చిన్నప్పటి నుంచీ విన్నాను. ఒక ఏడు రెండో మెట్టు మీద నిలబడి, కళ్ళు మూసుకుని చిక్కం ఊపాను. మిగలపండిన పండొకటి గోడ దాటి బోంగ్నే అవ్వ ఉతికి ఆరేసిన బొంత మీద పడింది. పిట్ట పడేసింది కాబోలన్నాను. అవ్వ నమ్మింది. చూశారా, కాచి పిట్ట ఎంత ఉపకారో!

అందని ద్రాక్ష పుల్లన అన్న నక్క తెలివితక్కువది. అందని ద్రాక్ష దానం అనుంటే ఈపాటికి దానికీ ఒక బోర్డు దక్కేది. గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణమన్నట్టు, అందని పండ్లన్నీ పిట్టార్పణం చేసేశాను. అందులోనూ చెట్టు అత్తగారిది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసిన చందాన కీర్తి నాకు, పండ్లు పిట్టలకు! ఇక అందిన సగమంటారా? అవి వసారాలో పెద్ద జాడీలో పేర్చి, మూత మీద రాయి పెట్టేవాణ్ణి. "ఈ ఏడు మీ పళ్ళు మంచి రంగొచ్చాయి నాయనా" అని అవ్వ అప్పుడప్పుడూ అంటూ ఉండేది. "అవునవ్వా, పిట్టలు సంబరపడతాయి" అనేవాణ్ణి.

ఇలా హాయిగా సాగిపోతున్న దాతృత్వానికి ఈ శరదృతువులో అత్తగారే అడ్డం పడింది.

ఆవిడకి ఎనభై దాటాయి. మోకాళ్ళు అరిగిపోయి గదికీ వసారాకీ మధ్యే తిరుగుతుంది. మాట తక్కువ. ఉన్న ఆ కాస్తా మిరపకాయే. ఒకరోజు పొద్దున గంజి తాగుతూ, తలుపులోంచి చెట్టు వంక చూస్తూ అంది, "అల్లుడూ, ఆ పైకొమ్మ పండొకటి తినాలనుంది. మళ్ళీ ఏడు ఉంటానో లేదో."

గంజి గిన్నె కింద పెట్టేశాను.

పాఠకులారా, ఇప్పుడు నా కష్టం చూడండి! కోస్తే దాత పేరు పోతుంది. ఎక్కితే ప్రాణం పోతుంది. ఊరుకుంటే, ఏనాడూ ఏమీ అడగని మనిషి ఒక్క పండు అడిగితే ఇవ్వలేని అల్లుడినవుతాను. ఆవిడ ఇంట్లో ఉంటూ, ఆవిడ పెట్టిన కిమ్చీ పచ్చడి తింటూ!

"ఇంకా వగరుగానే ఉంటాయత్తయ్యా. మంచు పడనివ్వండి" అన్నాను. మంచు పడింది. "మొన్నటి గాలికి దెబ్బతిన్నాయత్తయ్యా" అన్నాను. ఆవిడ చెట్టు వంక చూసింది, నా వంక చూసింది. చివరికి బజారుకెళ్ళి, మెత్తగా పండిన పండొకటి కొని, దాని తొడిమకి మా చెట్టు కింద రాలిన ఆకొకటి గుచ్చి, పళ్ళెంలో పెట్టి ఇచ్చాను.

ఆవిడ దాన్ని అరచేతిలో తిప్పి చూసింది.

"ఇది మన చెట్టుది కాదు. మన పండు ఇంత గుండ్రంగా ఉండదు, నాలుగు మూలలుంటుంది. పాపం, బజారుదాకా ఎందుకు పోయావు? చెట్టు ఇక్కడే ఉందిగా."

అందులో కోపం లేదు. కోపముంటే తిరిగి అలిగేవాణ్ణి, బతికిపోయేవాణ్ణి. ఆ రోజు అన్నం సహించలేదు. ఆదివారం పొద్దున్నే నిచ్చెన తెచ్చి చెట్టుకి ఆనించాను.

మొదటి మెట్టు బాగానే ఉంది. రెండోది కూడా ఎలాగో అయింది. మూడో మెట్టు మీద నిలబడి, చిక్కం పైకెత్తి, పొరపాటున కిందికి చూశాను. నేల కదిలింది! నిజంగా కదిలింది, ముల్లంగి తొట్లు సాక్ష్యం! చిక్కం జారి మిరప మొక్కల మీద పడింది. రెండు చేతులతో చెట్టుని వాటేసుకున్నాను. పైకి వెళ్ళలేను. కిందికి రాలేను. పైన కాచి పిట్ట ఒకటి తల పక్కకి వంచి, వీడెవడన్నట్టు నన్ను చూస్తోంది.

సరిగ్గా అప్పుడే ప్యో గారు టేపు పట్టుకుని, బోర్డు కోసం గేటు కొలతలకి వచ్చాడు.

"ఏంటండీ నామ్ గారూ! కాచి బువ్వ కోసేస్తున్నారా? అక్షరాలు చెక్కడం కూడా అయిపోయిందండీ!"

ఆ అరుపుకి బోంగ్నే అవ్వ వచ్చింది. అవ్వ వెనక వీధిలో సగంమంది వచ్చారు. అవ్వ నడుం మీద చెయ్యి వేసుకుని మొదలుపెట్టింది, "పెద్దవాడివయ్యాక ఇదేం బుద్ధి నాయనా? పిట్టల నోటికాడ కూడు లాక్కుంటావా? నిన్ను చూసే కదా మా మనవడికి బుద్ధులు చెబుతున్నా!"

"కోయడానికి కాదవ్వా! వాటికి సరిపోతాయో లేదోనని చూస్తున్నా!" అన్నాను, బెరడుకి ముఖం ఆనించి.

"చూడ్డానికి అంత గట్టిగా కావలించుకోవాలా అండీ?" అన్నాడు ప్యో గారు.

వసారా తలుపు జరిగిన చప్పుడైంది. అత్తగారు చేతుల మీద జరుగుతూ గడప దాకా వచ్చి కూర్చుంది.

"అల్లుడూ! చూసింది చాల్లే, దిగు."

"దిగుతున్నానత్తయ్యా!" అన్నాను. కాళ్ళు మాత్రం దిగలేదు.

"దిగలేవా?"

చెట్టుని ఇంకాస్త గట్టిగా వాటేసుకున్నాను.

"మీ మామగారూ అక్కడే ఆగేవాడు" అంది ఆవిడ, అందరికీ వినబడేలా. "సరిగ్గా ఆ మెట్టు మీదే. ఇలాగే చెట్టుని వాటేసుకుని, 'పోనీలేవే, పిట్టలు తింటాయి' అనేవాడు. ఈ చెట్టు పళ్ళు ఏనాడైనా ఆయన కోశాడనుకున్నారా? నేనెక్కి కోసేదాన్ని. మా అత్త చూస్తే మగాడి పరువు పోతుందని, ఆవిడ నిద్ర లేవకముందే ఎక్కి దిగేదాన్ని."

బోంగ్నే అవ్వ నడుం మీది చెయ్యి దించేసింది. ప్యో గారు టేపు చుట్టేసుకున్నాడు. నాకు మాత్రం, నమ్ముతారో లేదో, భుజం మీంచి బియ్యం బస్తా దించినట్టయింది. కొన్నేళ్ళుగా దాతగా ఉండి ఉండి అలిసిపోయాను.

ఇంతలో హేసున్ పెరటివైపు నుంచి వచ్చింది. కిమ్చీకి మిరప పొడి కలుపుతూ ఉంది కాబోలు, మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి చేతులు. గబగబా కడుక్కుని నిచ్చెన దగ్గరికి వచ్చింది.

"ఎడమ కాలు కిందికి దింపండి. మెట్టు వెతక్కండి. నా చెయ్యి ఉంది, దాని మీద పెట్టండి. ఆ... అంతే. ఇప్పుడు కుడికాలు."

అలా భార్య అరచేతుల మీద కాళ్ళు మోపుకుంటూ నేలకి చేరాను. నేను దిగిన ఆ నిచ్చెనే, హేసున్ చెప్పులు విడిచి, చిక్కం పట్టుకుని, ఇంట్లో మెట్లెక్కినంత తేలిగ్గా ఎక్కిపోయింది! చిటారుకొమ్మకి కాస్త కింద, ఎండంతా తాగి ఎర్రబడ్డ పండొకటి చూసి, చిక్కంలోకి మెలితిప్పి దించింది.

"నీకు ఎక్కడం వచ్చా? ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"మీరడిగారా? పిట్టల కోసం వదిలేశారని ఊరంతా చెబుతుంటే నేనూ నిజమే అనుకున్నా. పోనీ, ఇన్నాళ్ళకి మీలో ఒక మంచి గుణం కనబడిందని సంతోషపడ్డా. దాన్నెందుకు చెడగొట్టడమని ఊరుకున్నా."

ఉన్న ఆ ఒక్క గుణమూ పోయింది.

అత్తగారు పండుని గిన్నెలో పెట్టుకుని, తొడిమ తీసి, చెంచాతో ఒక ముద్ద తీసుకుంది. వీధంతా ఆవిడ నోటి వంకే చూసింది. కళ్ళు మూసుకుని చప్పరించి, మింగి, కళ్ళు తెరిచింది.

"కింది పళ్ళలాగే ఉంది."

"అత్తయ్యా! దీనికోసం నేను ప్రాణాలకి తెగించానే!"

"పైపండు తియ్యగా ఉంటుందనే ఇన్నాళ్ళూ అనుకున్నా" అంది ఆవిడ, నిదానంగా. "నేనెక్కితే కింద నిచ్చెన పట్టుకునేవాడు మీ మామ. పట్టుకుని గజగజా వణికేవాడు. ఆయన వణుకు కర్రలోంచి నా అరికాళ్ళకి తెలిసేది. 'జాగ్రత్తే, జాగ్రత్తే' అంటూ కిందనుంచి ఒకటే గొణుగుడు. దిగాక ఇద్దరం ఇదే గడప మీద కూర్చుని తినేవాళ్ళం. తీపి పండులో ఉందనుకున్నాను, చూశావా!"

ఆవిడ గిన్నె నా వైపు జరిపింది. ఆ చెంచాతోనే తిన్నాను. నిజమే, కింది పళ్ళలాగే ఉంది. ఈవిడ కళ్ళ ముందే ఈ చెట్టు ఇన్ని శరదృతువులు పండింది. ఎవరో ఒకరు కింద నిలబడి భయపడుతూ పట్టుకుంటే చాలునని ఒక్కసారీ నాకు తట్టలేదు.

"మిగతావి కోయమంటావా అమ్మా?" అని మెట్టు మీంచే అడిగింది హేసున్.

"వద్దు. ఉంచెయ్. కోయగలిగీ ఉంచితే కాచి బువ్వ. ఇన్నాళ్ళూ అల్లుడు పెట్టింది పెట్టడం కాదు, అందకపోవడం."

ఆ సాయంత్రం జాడీ మూత మీది రాయి తీశాను. పళ్ళు పైదాకా పేర్చి ఉన్నాయి, నా చేత్తో కోసినవి, నావి. ఒక బుట్టెడు తీసి బోంగ్నే అవ్వకి ఇచ్చి వచ్చాను. గేటు నుంచి గేటుకి పది అడుగుల దూరం లేదు, దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగాను. ఆకాశంలో ఉన్న సగం చెట్టు దానం చేసినప్పుడు చీమ కుట్టినట్టయినా లేదు. చేతిలో ఉన్న బుట్టెడు ఇచ్చేటప్పటికి ప్రాణం పోయినంత పనైంది! "ఇవి పిట్టలవి కాదు కదా నాయనా?" అని అడిగి మరీ తీసుకుంది అవ్వ.

కాబట్టి పాఠకులారా, నా వాదం వెనక్కి తీసుకోను. నత్త వరమే, పిల్లి వరమే, కాచి పిట్ట మరీ వరం. నా ఫిర్యాదల్లా ఒక్కటే. పిట్టలకి దానం చేస్తే ఊరంతా వచ్చి పొగుడుతుంది. నిచ్చెన పట్టుకున్నందుకు మా మామగారిని ఒక్కరూ పొగిడిన పాపాన పోలేదు.

ఇంకో మాట. ప్యో గారు ఆ బోర్డు తెచ్చి ఇచ్చేశాడు. ఎలాగూ చెక్కించేశాం, పారేయలేమన్నాడు. గేటు పైదూలానికి కొట్టాలట. వారం నుంచి గోడకి ఆనించే ఉంది. హేసున్ కిమ్చీ పనిలో తీరిక లేకుండా ఉంది. ఎవరైనా ఇటువైపు వస్తే కాస్త ఎక్కి, రెండు మేకులు కొట్టి పుణ్యం కట్టుకోండి. కింద స్టూలు నేను పట్టుకుంటాను. కొంచెం వణుకుతుంది, భయపడకండి.